గండికోట, బెలుం, కలమళ్ల: 42 మంది చిన్నపిల్లలతో ఒక్కరోజులో అవుతుందా?

బడిగంట:

అందరికీ నమస్కారం. మాది ప్రొద్దుటూరు దగ్గర ప్రాథమిక పాఠశాల. 3, 4, 5 తరగతులు కలిపి 42 మంది పిల్లలు, ముగ్గురు టీచర్లం. రేనాటి చరిత్ర, అంటే కడప, కర్నూలు వైపు ఉన్న పాత రేనాడు సీమ చరిత్ర, పిల్లలకు కళ్లారా చూపించాలని ఉంది. పొద్దున 7కి బయలుదేరి గండికోట, అక్కడి నుంచి బెలుం గుహలు, తిరిగొచ్చేటప్పుడు కలమళ్ల శాసనం, వీలైతే ఒంటిమిట్ట కూడా చూసి రాత్రి 8కి ఇల్లు చేరాలని అనుకున్నాం. ఇది కుదిరే పనేనా? ఏ నెల మంచిది? ఊరికే తిప్పి తీసుకురావడం కాకుండా అక్కడ పిల్లల చేత ఏం చేయించొచ్చు?

పెన్నేటి గట్టు:

మేడం, ముందు ఒంటిమిట్ట తీసేయండి. అది కడప దాటి ఇంకో ఇరవై ఐదు కిలోమీటర్లు, మీ దారికి పూర్తిగా ఎదురు దిక్కు. బెలుం కూడా ఈసారికి వద్దు. గండికోట నుంచి బెలుంకు అరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. పెద్దవాళ్ల కారుకు అది పెద్ద దూరం కాదు. 42 మంది పిల్లలున్న బస్సుకు మాత్రం ఎక్కడం, దిగడం, మధ్యలో ఒకరికి వాంతి అయితే ఆపడం అన్నీ కలిసి రెండు గంటలు పోతాయి.

ఎవరూ లెక్కలో వేసుకోని సమయం ఒకటుంది, మరుగుదొడ్డి. రెండే గదులున్న చోట 42 మంది, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు అనుకున్నా 42 నిమిషాలు. రోజుకు మూడుసార్లంటే రెండు గంటల పైమాటే. అందుకే బడిలో ఒకసారి, జమ్మలమడుగులో ఒకసారి ఆగండి. జమ్మలమడుగులో ఏదైనా బడి హెడ్మాస్టరుతో ముందే మాట్లాడుకుంటే నాలుగైదు గదులు దొరుకుతాయి, పని ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. అక్కడి నుంచి గండికోటకు పదిహేను కిలోమీటర్లే.

పొద్దున గండికోట, సాయంత్రం కలమళ్ల పెట్టుకోండి. ఆ రోజుకు ఆ రెండూ చాలు. 7కి బయలుదేరితే తొమ్మిదింటికల్లా కోట వాకిట్లో ఉంటారు. వాకిలి మెలికలు తిరిగి ఇరుకుగా ఉంటుంది కాబట్టి బస్సు బయటే ఆపించి నడిపించండి. ఆ మెలికే మొదటి పాఠం. దారి నేరుగా కాకుండా వంకరగా ఎందుకు కట్టారని అడగండి. తలుపుల మీది ఇనుప ములుకులు చూపించి, ఇవి ఏ ఎత్తులో ఉన్నాయి, ఏ జంతువు నుదురు అంత ఎత్తున ఉంటుందని అడిగితే 'ఏనుగు!' అని పిల్లలే చెప్పేస్తారు. ఆ జవాబు మీరు ముందే చెప్పకండి.

లోపల ధాన్యాగారం దగ్గర అరగంట కేటాయించండి. పది మీటర్ల నులక తాడుకు మీటరుకో ముడి వేసి తీసుకెళ్తే పొడవు, వెడల్పు పిల్లలే కొలుస్తారు. ఇంత గదిలో ఎన్ని బస్తాలు పడతాయి, ముట్టడి పడితే కోటలోని జనం ఎన్నాళ్లు తినగలరు అన్న లెక్క ఐదో తరగతి వాళ్లకు బాగా పట్టుకుంటుంది. తర్వాత జామియా మసీదు, మాధవరాయస్వామి గుడి. కోటను ఏలిన పెమ్మసాని నాయకుల కాలం, 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకోవడం, ఈ రెండు ముక్కలు చాలు. రాజుల పేర్ల పట్టిక చదివించొద్దు.

ఇక అసలు భయం కోట పక్కనున్న పెన్నేటి లోయ దగ్గర. చాలాచోట్ల అంచున కంచె లేదు. బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి, కొన్ని అడుగు పెడితే కదులుతాయి. వాటి మీద సన్నటి ఇసుక ఉంటే చెప్పులు జారతాయి. 42 మందిని ఒకేసారి అటు తీసుకెళ్లొద్దు. ఒక్కో జట్టు వెళ్లాలి, అంచుకు పది అడుగుల ఇవతల కూర్చోవాలి. చూడటం కూర్చునే, నిలబడి కాదు. అంచు వైపు పెద్దవాళ్లు ఉండాలి. ఫోటోకు 'ఇంకొంచెం వెనక్కి జరగండి' అనే మాట అక్కడ ఎవరి నోటా రాకూడదు. మూడో తరగతి వాళ్లకు మసీదు వెనక నుంచి దూరంగా చూపిస్తే సరిపోతుంది.

శాసనాల బాట:

కలమళ్లను సాయంత్రానికి పెట్టమన్న సలహా చాలా మంచిది, దానికి ఇంకో కారణం కూడా ఉంది. అరిగిపోయిన శాసనం మిట్టమధ్యాహ్నం కనపడదు. ఎండ నేరుగా పడితే గీతల్లో నీడ ఉండదు, రాయి మొత్తం తెల్లగా ఒకటే తీరుగా కనిపిస్తుంది. వెలుగు ఏటవాలుగా పడితే ప్రతి గీతా నీడతో తేలుతుంది. మబ్బు పడితే టార్చిలైటు రాతికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి పట్టండి. టార్చి కదిలించే కొద్దీ అక్షరం పైకి లేచినట్టు కనిపిస్తుంది. పిల్లలు ఆ ఒక్క క్షణాన్ని మరచిపోరు. సుద్దముక్కతో రుద్దడం, నీళ్లు చల్లడం, నూనె పూయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు.

అక్కడ చెప్పాల్సింది ఇదీ. ఎర్రగుంట్ల మండలం కలమళ్ల చెన్నకేశవస్వామి గుడిలోని ఈ శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది, రేనాటి చోళరాజు ధనంజయుడిది. మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా దీన్ని చెబుతారు. అంతకుముందు ఈ నేల మీద శాసనాలు ప్రాకృతంలోనో సంస్కృతంలోనో వేయించేవారు. ఒక రాజు జనం మాటను రాతికెక్కించిన చోటు మన పిల్లల ఊరికి ఇంత దగ్గర ఉంది! అందులో 'రేనాండు ఏళన్' అని ఉంటుంది, రేనాడును ఏలుతుండగా అని. 'ఏలడం' అనే మాట పిల్లలకు తెలిసిందే, కథల్లో రాజు రాజ్యాన్ని ఏలుతుంటాడు కదా. సుమారు 1450 ఏళ్ల కిందటి మాట ఇంకా తమ నోట్లో ఉందని వాళ్లకు అర్థమైతే పాఠం అయిపోయినట్టే.

వారం ముందు బడిలో ఒక చిన్న పని చేయించండి. ఐదు రూపాయల బిళ్ల మీద పలుచటి కాగితం పెట్టి, పెన్సిల్ అడ్డంగా పట్టి రుద్దితే బొమ్మ తేలుతుంది. శాసనాల అచ్చు తీయడం వెనక ఉన్న సంగతి అదే. నిపుణులు తడి కాగితాన్ని రాతి మీద పరిచి బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్దుతారు. ఈ పని బిళ్ల మీదే తప్ప అసలు రాయి మీద చేయనివ్వకండి.

కర్నూలు, గుత్తి వైపు టీచర్లు ఎవరైనా చదువుతుంటే, మీకు ఎర్రగుడి ఉంది. గుత్తి నుంచి పత్తికొండ దారిలో, జొన్నగిరికి దగ్గర. 1929లో వెలుగులోకి వచ్చిన అశోకుడి శాసనాలు, క్రీ.పూ. 3వ శతాబ్దివి, బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. పొలంలో ఎద్దులు ఒక సాలు అటు, గట్టు దగ్గర తిరిగి ఇంకో సాలు ఇటు దున్నినట్టు. మన పిల్లలకు ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు. తమ పేరును పలక మీద ఆ తీరుగా రాసి చూడమనండి. ఆ బండల దగ్గర నీడ తక్కువ, పొద్దున పదిలోపే చూసేయాలి.

కొలిమిగుండ్ల దారి:

బెలుం వద్దన్నవాళ్లతో నేనూ ఏకీభవిస్తాను. గుహ గొప్పదే. 3,229 మీటర్ల పొడవు, అందులో సందర్శకులకు తెరిచింది ఒకటిన్నర కిలోమీటరు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాసిపెట్టాడు, 1982 నుంచి 84 మధ్య జర్మన్ బృందం కొలిచింది. కానీ లోపల ఉక్క విపరీతం. చెమట ఆరదు, పావుగంటకే చొక్కా తడిసిపోతుంది. గుహలో అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ, అక్కడికి 46 మీటర్ల లోతు, ఆ మెట్లు తడిగా ఉంటాయి. ఉబ్బసం ఉన్న పిల్లలను తీసుకెళ్లొద్దు. వచ్చే ఏడాది ఐదో తరగతిని మాత్రమే, అదొక్క చోటికే, సంచులు బస్సులోనే ఉంచి తీసుకెళ్లండి. పాతాళగంగ దాకా దిగకుండా వెనక్కి తిప్పుకోండి. కరెంటు పోతే అన్న లెక్కతో ప్రతి పెద్దమనిషి చేతిలో టార్చి ఉండాలి.

వెళ్లేముందు బడిలోనే ఒక ప్రయోగం చేయొచ్చు. మన ఇళ్లలో పరిచే నాపరాయి సున్నపురాయే, బెలుం గుహ పుట్టిందీ సున్నపురాతిలోనే. నాపరాయి ముక్కను గీకి పొడి చేసి దాని మీద నిమ్మరసం పిండితే సన్నటి బుడగలు వస్తాయి. వాన నీళ్లలో ఉండే కొద్దిపాటి పులుపే లక్షల ఏళ్లు పనిచేసి గుహను తొలిచిందని అప్పుడు చెప్పండి. గండికోట ఎర్ర బండ మీద అదే నిమ్మరసం ఏమీ చేయదు, అది వేరే జాతి రాయి. అందుకే అక్కడ నది కోసుకుంటూ పోయి నిటారు గోడలు నిలిచాయి.

బడిగంట:

చాలా కృతజ్ఞతలు. గండికోట, కలమళ్ల రెండే ఖాయం చేశాం. అనుమతి, జట్లు, తిండి విషయం కూడా ఎవరైనా చెబుతారా? తల్లులు పెరుగన్నం కట్టిస్తామంటున్నారు.

హాజరు పట్టీ:

పెరుగన్నం వద్దు మేడం. పొద్దున ఆరింటికి కలిపింది మూతపెట్టిన డబ్బాలో, ఎండలో ఆగిన బస్సులో మధ్యాహ్నానికి పులిసిపోతుంది. నిమ్మకాయ చిత్రాన్నం పెట్టించండి. ఉల్లిపాయ, కొబ్బరి వేయకుండా, అన్నం పూర్తిగా చల్లారాక కలపమనండి. వేడి మీద మూతపెడితే ఆవిరి నీరై అదీ పాడవుతుంది. పెరుగు కావాలంటే జమ్మలమడుగులో ప్యాకెట్లు కొని అప్పటికప్పుడు ఇవ్వండి. దారిలో నమలడానికి బొరుగులు, బుడ్డల ఉండలు. బయలుదేరే ముందు పాలు, నూనె వస్తువులు వద్దు. ఖాళీ కడుపుతో ఎక్కినా వాంతి అవుతుంది, రెండు ఇడ్లీలు తినిపించి ఎక్కించండి. బస్సు పడనివాళ్లను ముందు సీట్లలో కిటికీ పక్కన కూర్చోబెట్టండి. నీళ్లు మనిషికి లీటరున్నర వేసుకుంటే పిల్లలకే 63 లీటర్లు, కాబట్టి ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు. ఓఆర్‌ఎస్ పొట్లాలు పది.

ముగ్గురు టీచర్లు చాలరు. 42 మందిని ఏడుగురేసి ఆరు జట్లు చేయండి, జట్టుకో పెద్దమనిషి. విద్యా కమిటీలోని తల్లుల్లో ముగ్గుర్ని కలుపుకుంటే సరిపోతారు. లెక్కపెట్టడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఒకే టీచరు నిలబడి 42 తలలు లెక్కిస్తే పిల్లలు కదులుతుంటారు, ఒకణ్ణి రెండుసార్లు లెక్కేసి ఇంకొకణ్ణి వదిలేస్తాం, మొత్తం మాత్రం 42 అనే వస్తుంది! కాబట్టి ప్రతి పిల్లవాడికీ ఒక అంకె ఇచ్చి, వాళ్ల నోటితోనే 1, 2, 3 అని వరసగా పలికించండి. ఏ అంకె పలకకపోతే ఎవరు లేరో ఆ నిమిషమే తెలుస్తుంది. బస్సు దిగగానే, ఎక్కాక, కోటలో ప్రతి కట్టడం వదిలేముందు ఇది జరగాలి. మెడలో కార్డు మీద బడి పేరు, టీచరు ఫోన్ నంబరు చాలు. పిల్లవాడి పేరు కార్డు వెనకవైపు రాయండి, పేరు పెట్టి పిలిస్తే కొత్తవాళ్ల వెంట వెళ్లే వయసు వాళ్లది.

అనుమతికి కనీసం మూడు వారాల ముందు ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వారా దరఖాస్తు పెట్టండి. పిల్లల జాబితా, తల్లిదండ్రుల సంతకాలు, దారి, వెంట వచ్చేవాళ్ల వివరాలు జతచేయాలి. సమ్మతి పత్రంలోనే ఉబ్బసం, ఫిట్స్, అలర్జీ ఉన్నాయా అని ఒక గడి ఉంచండి. బస్సు ఆర్టీసీ డిపోలో అద్దెకు తీసుకోండి. కిలోమీటర్లతోపాటు బస్సు ఆగి ఉండే గంటలకూ లెక్క ఎలాగో ముందే రాయించుకోండి. ప్రైవేటు బస్సైతే ఫిట్‌నెస్, బీమా కాగితాల నకళ్లు లేకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

పెన్నేటి గట్టు:

నెల సంగతి చెప్పడం మరిచాను. నవంబరులో మనకు తుపాను వానలు, బండలు జారుడు, పెన్నేరు కూడా నమ్మకం ఉండదు. డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా బాగుంటుంది. ఆదివారం వద్దు, జనం ఎక్కువ. మంగళ, బుధవారాలు చూసుకోండి. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గోడల మీద పేర్లు గీకితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జుర్మానా వేయొచ్చని చట్టం. అక్కడ ఇప్పటికే గీకి పెట్టిన పేర్లను పిల్లలకు చూపించి, ఇది ఎందుకు తప్పో వాళ్లనే మాట్లాడనివ్వండి.

తిరుగు దారిలో ఎర్రగుంట్ల చేరగానే తల్లిదండ్రుల గ్రూపులో ఒక సందేశం పెట్టండి. బడి దగ్గరికి ఎన్నింటికి రావాలో వాళ్లకు తెలుస్తుంది, చీకట్లో ఏ పిల్లా ఒంటరిగా నడిచి వెళ్లదు.