గోల్కొండ పైదాకా మోకాళ్ల నొప్పులవాళ్లు ఎక్కగలరా?

మల్కాజిగిరి కోడలు:
వచ్చే వారం మా అత్తమ్మ కరీంనగర్ నుంచి వస్తున్నారు. గోల్కొండ చూపించాలని ఫోన్లోనే ఆర్డర్ వేశారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. లిఫ్టు లాంటిది ఏమైనా ఉందా?

లంగర్‌హౌస్ భాయ్:
లిఫ్టూ లేదు, రోప్‌వే లేదు అక్కా. కొండ పైనున్న బాలాహిస్సార్ మేడ దాకా సుమారు 360 మెట్లు. అన్నీ ఒకే ఎత్తులో ఉండవు, అసలు బాధ అదే. పొద్దున తొమ్మిదికి గేటు తీయగానే వెళ్లండి. ఎండెక్కితే ఆ రాయి సెగ కక్కుతుంది.

రాళ్ల పిచ్చోడు:
పైకి వెళ్లకపోతే నష్టమే, అబద్ధమెందుకు? ఉత్తరాన కుతుబ్ షాహీల గుమ్మటాలు, పడమర గచ్చిబౌలి అద్దాల మేడలు ఒక్కచోట నిలబడి చూడొచ్చు. వాన వెలిసి గాలి తేటపడితే తూర్పున చార్మినార్ కూడా దొరుకుతుంది. కానీ అత్తమ్మగారికి కింద కూడా బోలెడంత ఉంది. గేటు లోపలి గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే కొండ మీద వినపడుతుంది. శత్రువు వస్తే పైకి కబురందడానికి చేసుకున్న ఏర్పాటు. ఆవిడను కింద కొట్టమని మీరు పైన వినండి. ఆదివారం మాత్రం వద్దు, గుంపంతా ఒకేసారి కొడుతుంటే ఎవరి చప్పట్లో తెలిసి చావదు!

బోనాల పిల్ల:
ఆషాఢంలో మా వాడకట్టు ముసలమ్మలు నెత్తిన బోనంతో జగదాంబ గుడి దాకా ఎక్కేస్తారు. మీ అత్తమ్మ ఓపిక మీకే తెలియాలి. కనీసం రామదాసు బందిఖానా చూపించండి, పైదాకా పోకముందే వస్తుంది. తానీషా కాలంలో కంచర్ల గోపన్నను పెట్టిన కొట్టు. పైకప్పు కన్నంలోంచి వెలుగు పడుతుంటుంది, గోడ మీద ఆయన చెక్కుకున్నాడనే దేవుళ్ల బొమ్మలున్నాయి. చీకటికి కళ్లు అలవాటు పడేదాకా ఆగండి, అప్పుడే కనిపిస్తాయి.

మల్కాజిగిరి కోడలు:
రామదాసు పేరు వింటే ఆగరు, ఎలాగైనా ఎక్కుతానంటారు! సాయంత్రం వెళ్లి పైనుంచి సూర్యాస్తమయం చూడొచ్చా?

లంగర్‌హౌస్ భాయ్:
కుదరదు, ఐదున్నరకే మూసేస్తారు. చీకటి పడ్డాక సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది, టికెట్ వేరే. కూర్చుని చూసేదే కాబట్టి మోకాళ్లకు ఇబ్బంది లేదు. తెలుగులో ఏ రోజు వేస్తారో ముందే అడగండి. దోమల క్రీమ్ మర్చిపోవద్దు.