పిల్లల బొమ్మల పుస్తకంలో ఒత్తులు ఉండాలా, తీసేయాలా?

కాకిగూడు:
మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం రాశాను. 16 పేజీలు, పేజీకి ఒకటో రెండో వాక్యాలు. కుక్కపిల్ల నాన్న చెప్పు ఎత్తుకుపోతుంది. ఇల్లంతా వెతుకుతారు. చివరికి మంచం కింద, చెప్పులో మూతి పెట్టుకుని నిద్రపోతూ కనబడుతుంది. అంతే కథ. పంపిన చోట ఎడిటర్ గారికి నచ్చింది. కాకపోతే ఒక షరతు పెట్టారు: ఒత్తులన్నీ తీసేయాలి, చిన్నపిల్లలు చదవలేరు అని.

సరే అని కూర్చున్నాను. కుక్క పోయి మేక చేరింది. చెప్పు పోయి గొడుగు. నాన్న పోయి మామ వచ్చాడు. "వచ్చాడు" అని కూడా రాయకూడదని అప్పుడు తెలిసింది! ఒత్తు లేకపోతే ఎవరూ వచ్చింది లేదు, వెళ్లింది లేదు, తిన్నది లేదు, నవ్వింది లేదు. ఆడింది, పాడింది, దూకింది, అడిగింది, వీటితోనే సంసారం ఈదాలి. రాత్రి పదకొండింటికి నా చేతిలో మిగిలింది ఇదీ: "మేక గొడుగు లాగింది. మామ మేకను లాగాడు. గొడుగు చిరిగింది." తప్పేమీ లేదు. కానీ అది నా కథ కాదు.

అసలు ఈ నియమం ఎవరి కోసం? మనకు అమ్మలో ఒత్తుంది, నాన్నలో ఉంది, అక్క, అన్న, చెల్లి, తమ్ముడు అందరిలోనూ ఉంది. అన్నం, పప్పు, నెయ్యి సరేసరి. ఒత్తు లేని చుట్టాలంటే నాకు వెంటనే తట్టింది తాత, మామ, బావ. ఈ ముగ్గురు మగవాళ్లతో ఎన్ని పుస్తకాలు రాయమంటారు?

బడిగంట:
నేను ఎడిటర్ గారి వైపే అండీ. తిట్టుకోకుండా వినండి.

మా బడి పల్లెటూళ్లో. ఒకటో తరగతిలో 19 మంది. ఇంట్లో కథ చదివి వినిపించేవాళ్లు ఉన్న పిల్లలు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్ల అమ్మలు పనికి పోయి చీకటి పడ్డాక వస్తారు, వచ్చి పొయ్యి వెలిగించుకోవాలి. గదిలో తాడు కట్టి పుస్తకాలు వేలాడదీస్తాను. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు. అక్షరాలు, గుణింతాలు అయ్యేసరికే సంక్రాంతి సెలవులు వచ్చేస్తాయి. ఒత్తులు ఆ తర్వాతే. అప్పటిదాకా వాళ్లు తాడు మీది పుస్తకం తీసి ఏం చదవాలి?

మా దగ్గర ఒక పిల్లాడున్నాడు. వేలు పెట్టి చదువుతాడు. వేలు ఎక్కడ పెడతాడు? అక్షరం కింద. ఒత్తు ఉండేదీ అక్కడే. "కుక పిల" అని చదివాడు. బొమ్మ వంక చూశాడు, నా వంక చూశాడు, పుస్తకం మూసి తాడు మీద పెట్టేశాడు. అదే పిల్లాడు ఒత్తుల్లేని ఒక కోడి పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా తనే చదివి, మధ్యాహ్నం అన్నం గంట కొట్టినా లేవలేదు. ఆ మొహం మీరు చూసి ఉంటే మేకనే ఉంచేవారు.

డాలస్ పెరుగన్నం:
టీచర్ గారూ, మీ మాట కాదనను. కానీ మా ఇంట్లో సమస్య తిరగబడి ఉంది. మా పాపకి నాలుగున్నరేళ్లు. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. రాత్రి పక్క మీద నేనే చదువుతాను. తనకి తెలుగు వినబడేది ఆ ఇరవై నిమిషాలే. మొన్న దోసె అడగడానికి "అమ్మా, నాకు అటు కావాలి" అంది. ఎటు అని కిటికీ వైపు చూశాను. అట్టు అట! గుడికీ గుడ్డికీ, గడికీ గడ్డికీ తేడా దానికి తెలియదు, ఎందుకంటే ఇంగ్లీషు చెవికి ఆ నొక్కు ఉండదు. ఒత్తులు ఏరేసిన పుస్తకం మాకొద్దు. నాకు కుక్కే కావాలి, చెప్పే కావాలి.

రంగుల డబ్బా:
పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను, పేజీలు కూడా నేనే పెడతాను. అందరూ ఒత్తు ఒత్తు అంటున్నారు గానీ, ఒత్తులన్నీ ఒకటి కాదు. క్క, చ్చ, ప్ప, డ్డ చూడండి. తలకట్టు తీసేసిన అదే అక్షరం కింద కూర్చుంటుంది, పిల్లలు పోల్చుకుంటారు. త, న, మ, య, ర, ల వత్తులు అలా కావు, అసలు అక్షరంతో పోలికే ఉండదు. అంటే పప్పు, అక్క తేలిక. అమ్మ, నాన్న, చెల్లి, అత్త కష్టం. ఎడిటర్ గారు ఏరదలుచుకుంటే ఆ ఆరిటి దగ్గర ఏరాలి, కానీ అమ్మనే ఏరేయాల్సి వస్తుంది!

ఇంకోటి. సగం తప్పు మాది. ఇంగ్లీషు పుస్తకానికి చేసిన పేజీలో తెలుగు తెచ్చి పోస్తాం. ఇంగ్లీషు అక్షరానికి కింద అంత చోటు అక్కర్లేదు. మన ఒత్తు కిందికి దిగి, కింది వరస గుడిని గుద్దుతుంది. పచ్చగడ్డి బొమ్మ మీద నల్ల అక్షరాలు వేసిన పుస్తకం ఒకటి నా దగ్గరుంది. ఒత్తు గడ్డిపరకల్లో కలిసిపోయి "గడ్డి" కాస్తా "గడి" అయింది. అది వేసింది నేనే లెండి, మొదటి రోజుల్లో. ఇప్పుడు వరసకీ వరసకీ మధ్య జాగా వదిలి, అక్షరాల వెనక తెల్లగా ఉంచుతున్నాను. టీచర్ గారూ, మీ పిల్లాడి వేలికి కూడా చోటు కావాలి కదా.

మల్లెచెట్టు:
నాదీ ఒక గోడు. మాది వరంగల్ దిక్కు. నా కథలో పిల్లి "ఉరికింది" అని రాసిన. ఒత్తు లేదు, చిన్న మాట, పిల్లలు రోజూ అనే మాట. దాన్ని "పరుగెత్తింది" అని దిద్దిన్రు, అందరికీ అర్థం కావాలంట. "అంగి" రాస్తే "చొక్కా" అయింది. "గంప" రాస్తే "బుట్ట" అయింది. మూడు చోట్లా ఒత్తు తెచ్చి పెట్టింది వాళ్లే! ఒత్తులు వద్దనేది పిల్లల కోసమే అయితే ముందు మా ఊరి మాటలు ఉండనియ్యండి.

పాత పలక:
మా చిన్నప్పుడు విశాలాంధ్ర పుస్తకాల షాపులో దొరికే సోవియట్ బొమ్మల పుస్తకాల్లో ఒత్తులకు లోటు లేదు, ఆ పేర్లు చూస్తే పెద్దవాళ్లకే నోరు తిరిగేది కాదు. మేం చదవలేదా?

బడిగంట:
చదివారు సార్. మీకు చదివి పెట్టిన బాబాయి ఎవరో ఉండే ఉంటారు.

పాత పలక:
ఉన్నాడు. పెద్దమామయ్య. ఒప్పుకుంటున్నాను.

దుబాసి:
అనువాదాలు చేస్తాను కాబట్టి ఒక మాట. ఈ నియమాల్లో కొన్ని వేరే భాషను చూసి పెట్టినవేమో అనిపిస్తుంది. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో తెచ్చిన స్టోరీవీవర్ అనే కథల వెబ్‌సైటులో కథలకు నాలుగు స్థాయిలున్నాయి, మొదటి స్థాయి 250 పదాల లోపు. కొలత బాగానే ఉంది. కానీ ఇంగ్లీషులో ఐదారు పదాలు పట్టేది తెలుగులో "ఎత్తుకెళ్లిపోయిందట" అనే ఒక్క పదంలో ఇరికిపోతుంది. లెక్కకి ఒకటే, పిల్లాడికి కొండ. కాబట్టి పదాలు లెక్కపెట్టినా, ఒత్తులు లెక్కపెట్టినా, నాకు నమ్మకం లేదు. నేను బిగ్గరగా చదివి చూసుకుంటాను. ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ విరుస్తాను.

కొత్తగా రాసేవాళ్లకి చెప్తున్నాను, స్టోరీవీవర్‌లో ఉన్న బొమ్మలు తీసుకుని మీ మాటలతో కథ అల్లుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. చెయ్యి తిరగడానికి అంతకన్నా మంచి చోటు నాకు దొరకలేదు. తులికా ప్రచురణల వాళ్ల రెండు భాషల పుస్తకాలు, "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్లవి తెచ్చుకుని, బొమ్మ చెప్పేసిన సంగతిని మాటల్లో ఎక్కడ వదిలేశారో చూడండి. కాకిగూడు గారూ, మీ కథలో "మంచం కింద" అని రాశారా? రాస్తే కొట్టేయండి. అది బొమ్మలో కనబడుతుంది.

కాకిగూడు:
రాశాను. కొట్టేశాను. "ఎత్తుకుపోయింది" కూడా పోయింది, కుక్కపిల్ల నోట్లో చెప్పు ఎలాగూ కనబడుతుంది కదా. ఇప్పుడు పేజీకి మిగిలింది ఇంతే: "చెప్పు ఏది? తలుపు వెనకా? లేదు." తర్వాతి పేజీ: "చెప్పు ఏది? పరుపు మీదా? లేదు." రంగుల డబ్బా గారు చెప్పిన తేలిక ఒత్తు ఒక్కటే, అదే ప్రతి పేజీలో వస్తుంది. టీచర్ గారూ, మీ వేలు పెట్టే పిల్లాడికి ఒకసారి చూపిస్తారా? పంపుతాను.

బడిగంట:
ప్రింటు తీసి పిన్ను కొట్టి చదివాను. ముందు అందరికీ నేనే చదివాను, తర్వాత తాడు మీద వేశాను. మూడో పేజీకే "చెప్పు ఏదీ?" అని 19 మందీ అరవడం, పక్క గది మాస్టారు తలుపు దగ్గరికి రావడం జరిగాయి. మనవాడు మర్నాడు తీశాడు. మొదటి పేజీలో "చెపు" అన్నాడు. రెండో పేజీలో వేలు పక్కకి జరిపి మళ్లీ చూసుకుని "చెప్పు" అన్నాడు. కథ నోటికి వచ్చేసి అన్నాడో, నిజంగా చదివాడో తెలియదు. అందుకని పలక మీద "పప్పు" రాసి చూపించాను. "పపు" అన్నాడు.

నా అభిప్రాయం మారలేదు. తాడు మీద ఒత్తుల్లేనివి సగమైనా ఉండాలి. కానీ మీ పుస్తకం తాడు మీద లేదు, వాడు సంచిలో పెట్టుకుపోయాడు. ఇంకో ప్రింటు తీసుకోవాలి.