రాడిచ్ బెల్‌గ్రేడ్ సభకు వెళ్లి ఉండాల్సిందా?

రేగడి నేల:
1920 నవంబరు ఎన్నికల్లో క్రొయేషియా రైతుల పార్టీకి 50 సీట్లు వచ్చాయి. కానీ నాయకుడు స్త్యెపాన్ రాడిచ్ ఒక్కరిని కూడా రాజధాని బెల్‌గ్రేడ్‌లో రాజ్యాంగం రాసే సభకు పంపలేదు. సెర్బులు, క్రొయాట్‌లు, స్లొవీన్‌ల కొత్త రాజ్యాన్నే (తర్వాతి యుగోస్లావియా) ఒప్పుకోనన్నాడు, పార్టీ పేరులో 'రిపబ్లికన్' అని చేర్చాడు. 1921 జూన్ 28న అధికారమంతా బెల్‌గ్రేడ్ చేతిలో పెట్టే రాజ్యాంగం పాసైపోయింది. నా మటుకు నాకు ఇది పెద్ద తప్పే. తన గోడు సభలో వినపడాలనే కదా రైతు ఓటేసింది?

లెక్కల మాస్టారు:
మీ బాధ అర్థమైంది, కానీ అంకెలు చూడండి. సభ్యులు 419 మంది. అనుకూలం 223, వ్యతిరేకం 35, ఓటు వేయనివాళ్లు 161. ఆ 161 మందీ వచ్చి వద్దన్నా 196 దగ్గరే ఆగిపోతారు. పైగా సభలో కూర్చోవాలంటే ముందు రాజుకు విధేయత ప్రమాణం చేయాలి. ఎన్నికలు జరిగిన 1920లోనే సైన్యం ఊళ్లమీదకొచ్చి తన అవసరాలకని పశువులకు ముద్రలు వేస్తుంటే తిరగబడ్డ రైతులవి ఆ ఓట్లు. వాళ్ల ముందు నిలబడి ఆ ప్రమాణం చేసొచ్చానని ఎలా చెప్పగలడు?

గోదారి గట్టు:
మాస్టారూ, ఆ 223 బేరం కుదిరాక వచ్చిన అంకె. బొస్నియా ముస్లింల పార్టీకి 24 సీట్లున్నాయి. భూస్వాములైన ఆగాలకు పరిహారం, బొస్నియా హద్దులు చెదరకుండా హామీ ఇచ్చి ప్రధాని పాషిచ్ వాళ్లను తనవైపు తిప్పుకున్నాడు. కావాల్సిన మెజారిటీ 210. ఆ 24 తీసేస్తే ఆయనకు మిగిలేది 199. అప్పుడు సభలో 50 మందితో రాడిచ్ ఉండి ఉంటే ముస్లింలకు మాట్లాడుకోవడానికి ఇంకో గడప ఉండేది. క్రొయేషియాలోని జాగ్రెబ్‌లో కూర్చుని ఆ గడప ఆయనే మూసేశాడు.

లెక్కల మాస్టారు:
రైతుల పార్టీ భూస్వాములకు పరిహారం ఇస్తామనాలా? అలా అన్న మర్నాడు పార్టీ ఉంటుందా? ఇక తర్వాత సభకు వెళ్తే ఏమైందో కూడా చూశాం. 1928 జూన్ 20న అదే సభలో పునీషా రాచిచ్ అనే సభ్యుడు తుపాకీ తీసి కాల్చాడు. రాడిచ్ అన్న కొడుకు పావ్లే, జూరో బసారిచెక్ అక్కడే పోయారు. ఆ గాయాలతోనే రాడిచ్ ఆగస్టు 8న కన్నుమూశాడు. అది చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

రేగడి నేల:
ఆ కాల్పుల గురించి నాదీ మీ బాధే. కానీ ప్రమాణం మాటకొస్తే, 1925 మార్చిలో ఈ పార్టీయే రాజునూ ఆ రాజ్యాంగాన్నీ ఒప్పుకుంది, అదీ రాడిచ్ అరెస్టై ఉండగా. జూలైకి పాషిచ్ ప్రభుత్వంలోనే చేరింది, నవంబరుకు రాడిచ్ విద్యామంత్రి. ఎప్పటికైనా తల వంచక తప్పదనుకుంటే, రాజ్యాంగం రాయకముందు వంచి ఉంటే దానికి ఏదో ఒక ధర అడిగేవాడు. 1925లో అడగడానికేం మిగిలింది? ఆగాల పరిహారమంటారా, రాడిచ్ సభకు రాకపోయినా అది ఆగలేదు కదా.