సెంటెన్స్ రకం గుర్తుపట్టాలంటే కలిపే పదం చూడాలా, వెర్బ్ చూడాలా?

ట్యూషన్ అక్క:
నా దగ్గర చదువుకునే పిల్లకి ఒక మార్కు పోయింది. ‘బికాజ్ ఆఫ్ ద రెయిన్, ద మ్యాచ్ వాజ్ స్టాప్డ్’ సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్‌లలో ఏ రకం సెంటెన్స్ అని అడిగితే, బికాజ్ కనపడగానే కాంప్లెక్స్ అని రాసేసింది. అది సింపుల్. తప్పు పిల్లది కాదు, నాది. బికాజ్, దో, ఇఫ్, వెన్ ఉంటే కాంప్లెక్స్, అండ్, బట్, ఆర్, సో ఉంటే కాంపౌండ్, ఏమీ లేకపోతే సింపుల్ అని పట్టిక బట్టీ పట్టించింది నేనే. ఆ పట్టిక పూర్తిగా మానేయాలా, లేక మినహాయింపులు చెప్పి అదే నేర్పాలా?

పోటీ పరీక్షల అభ్యర్థి:
మానొద్దు అక్కా. పరీక్షలో ఆలోచించే టైమ్ ఎక్కడుంటుంది? దో కాంప్లెక్స్, బట్ కాంపౌండ్, ఇన్ స్పైట్ ఆఫ్ సింపుల్. బికాజ్ కాంప్లెక్స్, సో కాంపౌండ్, బికాజ్ ఆఫ్ సింపుల్. ఇలా మూడేసి గుర్తుంటే చాలు. మీ పిల్ల ‘ఆఫ్’ చూసుకోలేదు, అంతే.

తెలుగు మాస్టారు:
తమ్ముడూ, ఆ మూడేసి పదాలు ఒక రకాన్ని ఇంకో రకంలోకి మార్చడానికి బాగా పనికొస్తాయి, కాదనను. గుర్తుపట్టడానికి వాటినే నమ్ముకుంటే మోసపోతాం. ‘ఐ నో హి ఈజ్ రైట్’లో నీ పట్టికలోని పదం ఒక్కటీ లేదు, అయినా అది కాంప్లెక్స్, మధ్యలో దట్ మింగేశారు. ‘రవి అండ్ రాము ఆర్ ఫ్రెండ్స్’లో అండ్ ఉన్నా సింపులే. ‘ఆఫ్టర్ డిన్నర్ వి స్లెప్ట్’ సింపుల్, ‘ఆఫ్టర్ వి ఏట్, వి స్లెప్ట్’ కాంప్లెక్స్, రెండింట్లోనూ ఆఫ్టర్ అదే.

అందుకే అమ్మా, ముందు ఫైనైట్ వెర్బుల కింద గీత గీయించండి, అంటే కాలం చూపించేవి. ప్రతి గీత దగ్గరా ‘ఎవరు, ఏది’ అని అడిగి దాని సబ్జెక్టు పట్టుకోమనండి. అలా సబ్జెక్టు, వెర్బ్ జత ఒక్కటే దొరికితే సింపుల్, రెండు దొరికితే కాంపౌండో కాంప్లెక్సో అవుతుంది. మీ సెంటెన్స్‌లో గీత పడేది ‘వాజ్ స్టాప్డ్’ దగ్గర ఒక్కచోటే. రెయిన్ పక్కన వెర్బే లేదు, ఇక కాంప్లెక్స్ ఎలా అవుతుంది?

మన పిల్లలకి ఇంకో చిక్కు ఉంది, దాన్ని ఎవరూ విడమరిచి చెప్పరు. ‘రాము ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు’ అన్నది తెలుగులో సంక్లిష్ట వాక్యం, ఎందుకంటే ‘వచ్చి’ అసమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించనిది, ‘తిన్నాడు’ సమాపక క్రియ, అంటే ముగించేది. కాంప్లెక్స్ అంటే సంక్లిష్టమే కదా అని పిల్లలు అదే లెక్క ఇంగ్లీషులోకి తీసుకెళ్తారు. కానీ ‘కమింగ్ హోమ్, రాము ఏట్’ అన్నది స్కూల్ గ్రామర్ ప్రకారం సింపుల్. కమింగ్ ఒక్కటే ఉంటే కాలం చెప్పదు. ‘సీత, గీత అక్కాచెల్లెళ్ళు’ మనకి సంయుక్త వాక్యం, అదే ‘సీత అండ్ గీత ఆర్ సిస్టర్స్’ ఇంగ్లీషులో సింపుల్. తెలుగు పీరియడ్‌లో ఒప్పయిన జవాబు ఇంగ్లీషు పీరియడ్‌లో తప్పవుతుంటే పిల్లలు తికమకపడరా మరి?

పోటీ పరీక్షల అభ్యర్థి:
తెలుగు సంగతి నాకు నిజంగా తట్టలేదు మాస్టారూ. కానీ ‘హి వాజ్ ఇల్, సో హి డిడ్ నాట్ కమ్’, ‘హి డిడ్ నాట్ కమ్ బికాజ్ హి వాజ్ ఇల్’, రెండింట్లోనూ వెర్బులు రెండేసి, సబ్జెక్టులు రెండేసి, అర్థం కూడా ఒకటే. కలిపే పదం చూడకుండా ఏది కాంపౌండో ఎలా చెప్తారు? పైగా ‘హి కేమ్ ఇన్ అండ్ శాట్ డౌన్’ సంగతేంటి?

లింగ్విస్టిక్స్ విద్యార్థిని:
ఒక్క మాట. ‘కమింగ్ హోమ్’ లాంటి ముక్కని కూడా క్లాజ్‌గానే, అంటే ఉపవాక్యంగానే లెక్కపెట్టే వ్యాకరణాలు ఉన్నాయి, హడిల్‌స్టన్, పుల్లమ్ అనే భాషావేత్తలు 2002లో తెచ్చిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణం అలాంటిదే. కాబట్టి మాస్టారు చెప్పింది స్కూల్ లెక్క, భాష అంతటికీ ఒకే నియమం కాదు. పైతరగతులకి వెళ్ళేవాళ్ళకి ఈ మాట ముందే చెప్పడం మంచిది.

తెలుగు మాస్టారు:
ఒప్పుకుంటానమ్మా, అందుకే స్కూల్ గ్రామర్ అన్నాను.

తమ్ముడి మొదటి ప్రశ్న న్యాయమైనది. సబ్జెక్టు, వెర్బ్ జతలు రెండని తేలాక కలిపే పదం చూడాల్సిందే, నేను వద్దనేది దాంతో మొదలుపెట్టడాన్నే. సమానంగా కలిపేవి, అంటే కాంపౌండ్ చేసేవి ఏడు: ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో. అనుమానం వస్తే ఆ ముక్కని ముందుకు జరిపి చూడు. ‘బికాజ్ హి వాజ్ ఇల్, హి డిడ్ నాట్ కమ్’ చక్కగా కుదురుతుంది, కాబట్టి కాంప్లెక్స్. ‘సో హి డిడ్ నాట్ కమ్, హి వాజ్ ఇల్’ అంటే అర్థం తలకిందులవుతుంది, కాబట్టి అది కాంపౌండ్. ‘కేమ్ ఇన్ అండ్ శాట్ డౌన్’ దగ్గర టీచర్లలోనే రెండు వర్గాలున్నాయి. సబ్జెక్టు ఒక్కటే కాబట్టి నేను సింపుల్ అంటాను, రెండో ‘హి’ దాగి ఉందని కాంపౌండ్ అనేవాళ్ళూ ఉన్నారు. అలాంటిది ఒక్క మార్కు ప్రశ్నగా ఇవ్వడమే అన్యాయం.

ట్యూషన్ అక్క:
సాయంత్రం పిల్లతో చేయించి చూశాను మాస్టారూ. ‘ద బుక్ ఐ బాట్ ఈజ్ మిస్సింగ్’ ఇచ్చాను. ముందు ‘ఈజ్’ కింద గీసింది, కాసేపు ఆగి ‘బాట్’ కింద గీసింది. ఎవరు కొన్నారు అంటే ఐ, ఏది కనపడట్లేదు అంటే ద బుక్ అంది. తర్వాత, ‘మరి కలిపే పదం ఏది మేడమ్?’ అని నన్నే అడిగి, నేను నోరు తెరిచేలోపే బుక్ పక్కన పెన్సిల్‌తో చిన్నగా దట్ అని రాసుకుంది.