పి.వి. రమణ ఆట ఎవరికైనా గుర్తుందా? లేక "సింధు నాన్న" అంటేనే తెలుస్తుందా?

ఎర్రమట్టి కోర్టు: నిన్న ఆఫీసులో వాలీబాల్ మాటొచ్చింది. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో మనవాళ్లు జపాన్‌ను వెనక్కి నెట్టి కాంస్యం తెచ్చారని, ఆ జట్టులో పి.వి. రమణ గారు ఉన్నారని చెబితే, "సింధు నాన్న కూడా ఆడేవాడా?" అన్నాడొకడు. కూడా ఏంటండీ! ఆ తర్వాత 2023 హాంగ్‌జౌతో సహా మన మగవాళ్ల జట్టుకు ఆసియా క్రీడల్లో పతకమే రాలేదు. అంత చేసినా ఆయనకు అర్జున అవార్డు ఇచ్చింది 2000లో, అంటే పద్నాలుగేళ్లకు.

బ్యాక్ లైన్: అర్జున ఆలస్యమైందంటే ఒప్పుకుంటా. మిగతాదానికి ఏడవడం దేనికి బ్రో? కూతురు రెండు ఒలింపిక్ పతకాలు, 2019లో ప్రపంచ టైటిల్ గెలిచాక తండ్రిని ఆ పేరుతో పిలిస్తే తప్పేముంది? అయినా ఆ జట్టు అంటే జనానికి స్మాష్‌లు కొట్టే జిమ్మీ జార్జ్ ఒక్కడే గుర్తు, అదీ కేరళలో.

సంక్రాంతి షూటర్: అసలు గొడవ అక్కడే ఉంది. మా ఊళ్లో ముగ్గుపిండితో గీతలు గీసి ఆడేటప్పుడు కూడా చప్పట్లన్నీ స్మాష్ కొట్టినవాడికే, వేళ్ల కొసలతో బంతిని సరిగ్గా నెట్ మీదికి లేపిన లిఫ్టర్‌ని పట్టించుకునే నాథుడే ఉండడు. పైగా అప్పట్లో సర్వీస్ మన చేతిలో ఉంటేనే పాయింటు. ర్యాలీ గెలిచినా ఎదుటివాడి సర్వీసైతే స్కోరు కదిలేది కాదు, సర్వీస్ మాత్రం మనకొచ్చేది. ఎంతసేపు ఎగిరుంటారో ఆలోచించండి.

బ్యాక్ లైన్: కష్టం లేదని నేనన్నానా? రమణ గారు రియో ఒలింపిక్స్ ముందు రైల్వే ఉద్యోగంలో ఎనిమిది నెలలు సెలవు పెట్టి కూతురి వెంట ఉన్నారు. దాన్ని కూడా ఆయన కెరీర్లో భాగంగానే చూస్తాను నేను.

ఎర్రమట్టి కోర్టు: అది తండ్రిగా చేసింది, ఆటగాడిగా కాదు. రెండూ కలిపేస్తే 1986 మళ్లీ మాయం. విజయ గారి సంగతైతే ఇంకా అన్యాయం, ఆవిడ కూడా వాలీబాల్ ప్లేయరే, "సింధు అమ్మ" అని తప్ప ఎవడైనా అన్నాడా?

సంక్రాంతి షూటర్: ఇది పాయింటు. సరే, ఆ సియోల్ మ్యాచ్‌ల వీడియో ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి. మన ముగ్గురిలో ఆయన ఆట చూసినవాడు ఒక్కడూ లేడు మరి.