ఉసిక్–ఫ్యూరీ మొదటి పోరు: 1, 10 రౌండ్లు ఎవరివి?

2024 మే 18న రియాద్‌లో ఒలెక్సాండర్ ఉసిక్, టైసన్ ఫ్యూరీల మధ్య జరిగిన 12 రౌండ్ల బాక్సింగ్ పోరు స్కోరు ఎన్నిసార్లు వేసినా తేలడం లేదు. వ్యాఖ్యానంతో ఒకసారి, శబ్దం ఆపేసి ఒకసారి, సగం వేగంతో మరోసారి చూశాను. మూడుసార్లూ 2, 3, 8, 9, 11 ఉసిక్‌కి, 4 నుంచి 7, ఇంకా 12 ఫ్యూరీకి పడ్డాయి. మామూలుగా రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. కానీ 9లో ఫ్యూరీ పడిపోయినట్టు లెక్కగట్టి రిఫరీ కౌంట్ (అంకెలు లెక్కపెట్టడం) ఇచ్చాడు కాబట్టి అది ఉసిక్‌కి 10-8. దాని మీద పేచీ లేదు.

మిగిలినవి 1, 10. రెండూ ఫ్యూరీకిస్తే అతను 114-113తో గెలుస్తాడు. ఒక్కటి ఉసిక్‌కి పోయినా అదే 114-113 తిరగబడుతుంది, రెండూ పోతే 115-112. తమాషా ఏమిటంటే ఆ రోజు ముగ్గురు జడ్జీల స్కోరు కార్డులూ సరిగ్గా ఇవే!

మొదటి రౌండులో ఫ్యూరీ వెక్కిరింతలకి మార్కులుండవు, సరే. కానీ వెనక్కి జరుగుతూ అతను వేసిన జాబ్‌లు (ముందు చేత్తో సూటిగా వేసే దెబ్బలు) ఎక్కువా, మీదికొచ్చిన ఉసిక్ ఎడమచేతి దెబ్బలు ఎక్కువా? శబ్దం ఉంటే ఒకలా, లేకపోతే మరోలా అనిపిస్తోంది. పదోదానిలో 9వ రౌండు ప్రభావం నా కళ్లని మోసం చేస్తోందేమోనని అనుమానం.

దూకుడు సంగతి పక్కనపెట్టి, శుభ్రంగా తగిలిన దెబ్బలే లెక్కిస్తే 1, 10 రౌండ్లు మీరు ఎవరికిస్తారు?