ఆకలి లేకపోయినా రాత్రిళ్లు తింటున్నాను, ఆ పది నిమిషాలు ఎలా దాటాలి?

అందరికీ వందనాలు. ఐదు నెలలుగా టెన్షన్ వస్తే తినే అలవాటు పట్టుకుంది. ఎనిమిదింటికే భోజనం అయిపోతుంది. పదిన్నర ప్రాంతంలో మర్నాటి పని గుర్తొచ్చి గుండె దడ మొదలవగానే వంటింట్లోకి వెళ్తాను. మిక్చర్, బిస్కెట్లు, అవి లేకపోతే అన్నంలో ఆవకాయ. పదిహేను నిమిషాల్లో అంతా అయిపోతుంది. తర్వాత ప్రార్థనకి మోకరించాలంటే సిగ్గేస్తుంది. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది అదే. వారంలో నాలుగైదు రాత్రులు ఇంతే. ఆరు కిలోలు పెరిగాను. షుగర్, థైరాయిడ్ పరీక్షలు మామూలుగానే వచ్చాయి.

చిరుతిళ్లు కొనడం మానేస్తే రెండు వారాలు ఆగగలిగాను, తర్వాత అన్నం మీద పడ్డాను. శుక్రవారం ఉపవాస ప్రార్థన మొదలుపెట్టాను. సాయంత్రం ఉపవాసం విడిచాక మామూలు కంటే ఎక్కువ తింటున్నానని గమనించి మూడు వారాలకి ఆపేశాను. బైబిల్లో గలతీయులకు 5:23లోని ‘ఆశానిగ్రహము’ (కోరికల్ని అదుపులో పెట్టుకోవడం) అనే మాట రాసి ఫ్రిజ్‌కి అంటించాను. అది చూసినప్పుడల్లా ఓడిపోయానన్న ఆలోచనే వస్తోంది.

కొంచెం మేలు చేసింది ఒక్కటే. బైబిల్లో 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త ఇక బతకలేనన్నప్పుడు దేవుడు గద్దించలేదు, ముందు నిద్రపోనిచ్చి రొట్టె, నీళ్లు ఇప్పించాడు. అది చదివిన రాత్రి ఏడ్చి, ఏమీ తినకుండా పడుకున్నాను. రెండో రోజు మళ్లీ మామూలే. అయినా వదిలేయాలని లేదు.

ఇలాంటి స్థితి నుంచి బయటపడిన విశ్వాసులు ఎవరైనా ఉంటే చెప్పండి: తినాలనిపించిన ఆ మొదటి పది నిమిషాల్లో మీరు సరిగ్గా ఏం చేసేవారు?